పసుపు వైరు, నీలం వైరు

"మధ్యాహ్నం నమాజు వేళకి ఆ మోటారు నా గుమ్మం దాటాలి. దానితోపాటు ఆ డబ్బా, ఆ లాప్‌టాప్, ఆ వైర్ల చుట్టలు, అన్నీ. ఇకమీదట నా షెడ్డులో కోడలి కాలు కనబడిందో, ఊరుకోను. చెప్తున్నా!"

తుర్గున్ ఉస్తా, అంటే తుర్గున్ మేస్త్రీ, ఈ మాటలు కోడలి మొహం చూసి అనలేదు. ద్రాక్షపందిరి కింద అరుగు మీద, తన ఎదురుగా తల వంచుకు కూర్చున్న కొడుకు ఎల్మురాద్‌తో అన్నాడు. కోడలు మునవ్వర్ అక్కడే నిలబడి టీ పోస్తోంది. రెండు రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస. తిట్టేది కొడుకుని, తగిలేది కోడలికి.

"కాస్త నెమ్మదిగా నాన్నా. సనోబర్ పడుకుంది," అన్నాడు ఎల్మురాద్.

"పడుకుందా? ఎక్కడ పడుకుందిరా? రెండు రోజులుగా నా కూతురికి కంటి మీద కునుకుందా? రెండు వేళ్ళు! కుడిచేతివి! మరిగే నీళ్ళలోంచి పట్టు కొస పట్టే చెయ్యి మర్గిలాన్ ఊరు మొత్తం మీద తుర్గున్ ఉస్తా కూతురిదే అనేవాళ్ళు. ఆ చెయ్యి ఇప్పుడు పిండికట్టులో ఉంది. నేను నెమ్మదిగా మాట్లాడాలట!"

మునవ్వర్ పిడిలేని పియోలా గిన్నెలో సగానికి టీ పోసి మామగారి ముందు పెట్టింది. ఆయన దాన్ని మోచేత్తో పక్కకి తోశాడు. టీ పరిచిన గుడ్డ మీద ఒలికింది. ఆమె తుడిచింది.

మొన్న పొద్దున ఆ షెడ్డులో, కొత్త మోటారు పెట్టిన పట్టుచక్రం ఒక్క ఉదుటున వెనక్కి దూకింది. సనోబర్ వేళ్ళని చక్రపు ఆకుకీ చట్రానికీ మధ్య ఇరికించి అక్కడే బిగుసుకుపోయింది. కరెంటు తీసేదాకా వదల్లేదు. ఆ బ్రష్‌లెస్ మోటారు తెప్పించింది మునవ్వర్. దాన్ని నడిపే కంట్రోలర్‌లో వారం రోజులు కూర్చుని లెక్కలు ఎక్కించింది మునవ్వర్. ఫెర్గానాలో ఇంజినీరింగు చదివిన కోడలి తెలివి చూశారా అని మొన్నమొన్నటిదాకా వీధి వీధంతా చెప్పుకున్న పెద్దమనిషికి ఇప్పుడు ఆ తెలివే కంట్లో నలుసైంది.

ఆమెకి కోపంగా ఉంది. ఏడుపు కన్నా ముందు కోపమే వస్తోంది. రెండు రోజులుగా ఆ లెక్కలన్నీ మనసులో వల్లె వేసుకుంటోంది. మోటారులో అయస్కాంతపు జతలు నాలుగు, సరిగ్గానే ఇచ్చింది. సెన్సర్ల వరస చూసుకుంది. వేగం చూసుకుంది. ఎక్కడా తప్పు దొరకడం లేదు. పోనీ వెళ్ళి కళ్ళారా చూద్దామంటే షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మామగారు నడుముకి కట్టుకున్నారు.

"షెడ్డు ఒక్కసారి తెరిపించండి నాన్నగారూ," అంది చివరికి, గొంతు తగ్గించే. "చూస్తేగాని తెలియదు. నా లెక్క తప్పయితే నేనే ఒప్పుకుంటాను."

ఉస్తా ఈసారి తిన్నగా కోడలి వైపు తిరిగాడు.

"ఏం చూస్తావమ్మా? నలభై ఏళ్ళు పట్టు మిల్లులో మోటార్లు చూశాను నేను. అరచెయ్యి ఆనించి దాని జ్వరం చెప్పేవాణ్ణి. మూడు వైర్లు, ఒక స్విచ్. వేస్తే తిరిగేది, తీస్తే ఆగేది. ఏ ఆడపిల్ల వేలూ పోలేదు. నువ్వొచ్చి దానికి బుర్ర తగిలించావు. మోటారుకి బుర్రెందుకు?"

"పాత మోటారుతో పోగు మాటిమాటికీ తెగేది కదా నాన్నగారూ..."

"తెగితే ముడి వేసుకునేవాళ్ళం! వేలు పోతే ముడి వేస్తావా?"

ఎల్మురాద్ భార్య వైపు చూసి ఇక వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. ఆ సైగ చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"చదువట, చదువు!" ఉస్తా ఆగలేదు. "వారం రోజులు ఆ లాప్‌టాప్ ముందు కూర్చుందా, చక్రం ఎటు తిరగాలో కూడా చూసుకోలేదు మహాతల్లి. మా తాత కాలం నుంచీ ఈ ఇంట్లో చక్రం పైనుంచి మన వైపుకి తిరుగుతుంది. దెబ్బ తగిలిన ముందురోజు సాయంత్రం అంకెలేవో మార్చి పరీక్షకని తిప్పింది చూడు, ఎదురు తిరుగుతోంది! నేనే తెల్లవారుజామున లేచి, నమాజుకి పోయే ముందు సరిచేసి వెళ్ళాను. చెప్పుకున్నానా? పోనీలే, చిన్నపిల్ల, నలుగురిలో నామోషీ ఎందుకని ఊరుకున్నాను."

మునవ్వర్ చేతిలో టీ కూజా ఆగిపోయింది.

"ఏం సరిచేశారు?"

"ఏం చేస్తారు మరి? మూడు వైర్ల మోటారు ఎదురు తిరిగితే రెండు వైర్లు అటుదిటూ ఇటుదటూ వేస్తారు. పసుపుది నీలం చోట, నీలంది పసుపు చోట. మిల్లులో చీపురు పట్టేవాణ్ణి అడుగు, వాడైనా చెప్తాడు."

అంత మామూలుగా అన్నాడు. ఏదో దాచానన్న జంకు గాని, చెయ్యరాని పని చేశానన్న అనుమానం గాని ఆ గొంతులో లేవు. ఆయన జన్మలో వెయ్యిసార్లు చేసిన పని అది. వెయ్యిసార్లూ మోటారు బుద్ధిగా రెండో వైపుకి తిరిగింది.

మునవ్వర్ కూజా అరుగు మీద పెట్టి పందిరి గుంజ పట్టుకుంది.

"ఇదిగో," ఉస్తా నడుముకున్న తాళంచెవి విప్పి కొడుకు ముందు పడేశాడు. "నేను మిల్లు తోహిర్‌ని పిలుచుకొస్తాను. వాడొచ్చి విప్పుతాడు. ఈలోపు చక్రం మీదున్న పట్టు తీసి జాగ్రత్త చెయ్యండి. మోటారుని మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

ఆయన వీధి తలుపు దాటాడో లేదో, మునవ్వర్ తాళంచెవి తీసుకుని షెడ్డు వైపు నడిచింది. అది నడక కాదు, పరుగే. ఎల్మురాద్ వెనకాలే వెళ్ళాడు.

షెడ్డులో తడి పట్టుకాయల వాసన ఇంకా పోలేదు. కాయలు ఉడికించే పెనంలో నీళ్ళు చల్లారి మీద తెట్టు కట్టాయి. చక్రం మీద చుట్టిన పట్టు ఒకచోట చిక్కుబడి, అక్కడక్కడ గోధుమరంగు మరకలతో ఉంది. ఆ మరకలేమిటో తెలిసి మునవ్వర్ అటు చూడలేదు. నేరుగా వెళ్ళి కంట్రోలర్ డబ్బా మూత విప్పింది.

పసుపు వైరు నీలం చోట ఉంది. నీలం వైరు పసుపు చోట ఉంది. ఒక్క రాగి పోగు కూడా బయటికి పొడుచుకురాకుండా, పొందిగ్గా బిగించి ఉన్నాయి. ఆ పనితనం ఈ ఇంట్లో ఒక్కరిదే.

"చూశారా?" అంది.

"అయితే ఏమైంది?" అన్నాడు ఎల్మురాద్. "పాత మోటారుకీ ఇలాగే చేసేవాళ్ళంగా."

"పాతది గుడ్డి మోటారు. ఏ వైపుకి తోస్తే ఆ వైపుకి పోయేది. ఇది చూసుకుని నడుస్తుంది. లోపల అయస్కాంతం ఎక్కడుందో మూడు సెన్సర్లు చెప్తాయి. ఆ చోటుని బట్టి ఏ వైరులోకి కరెంటు పంపాలో కంట్రోలర్ పంపుతుంది. ఏ సెన్సర్‌కి ఏ వైరో నేను వారం రోజులు దానికి నేర్పింది అదే! ఆయన వైర్లు మార్చారు, సెన్సర్లు అలాగే ఉన్నాయి. అది ముందుకి తోస్తున్నాననుకుని వెనక్కి తోసింది. చక్రం ముందుకి రావడం లేదని ఇంకా గట్టిగా తోసింది. మధ్యలో సనోబర్ వేళ్ళున్నాయని దానికేం తెలుసు?"

"మరి చక్రం ఎదురు తిరిగిన మాట నిజమేగా?"

"నిజమే. దానికి స్క్రూడ్రైవర్ ఎందుకు? ఒక అంకె ముందు మైనస్ గీత పెడితే చాలు. ఆ సాయంత్రం ఆయన అటు వెళ్ళగానే పెట్టేశాను. నన్నొక్క మాట అడిగి ఉంటే? 'అమ్మాయ్, సరిచేశావా' అని ఒక్క మాట! అడిగితే పరువు పోతుందేం?"

ఎల్మురాద్ చాలాసేపు ఆ రెండు వైర్ల వైపే చూశాడు. తర్వాత వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తలుపు వేసినప్పుడే ఆమెకి అర్థమైంది.

"ఈ సంగతి బయటికి రానివ్వకు," అన్నాడు.

ఆమె వైర్ల మీంచి చూపు తిప్పలేదు.

"నాన్న గుండె సంగతి నీకు తెలుసు. పోయిన చలికాలం ఎంత పనైందో చూశావు. కూతురి వేళ్ళు తనే విరగ్గొట్టానని తెలిస్తే ఆ మనిషి బతకడు."

"నేను బతకచ్చా?"

"అలా మాట్లాడకు."

"ఎలా మాట్లాడమంటారు? పొద్దున మీ అమ్మగారు నాకు పియోలా అంచుదాకా నింపి ఇచ్చారు. చూశారా మీరు? మనవాళ్ళకి సగం పోసి మళ్ళీ మళ్ళీ పోస్తారు. తాగి మీ దారి చూసుకోండి అనాల్సిన వాళ్ళకి నిండా పోస్తారు. నాకు నిండా పోశారు. మీరు చూశారు. చూసి, రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకున్నారు!"

"కొన్నాళ్ళు ఓర్చుకో మునవ్వర్. అంతా సర్దుకుంటుంది."

"ఏం సర్దుకుంటుంది? కోడలికి పని చేతకాదు, ఆడబిడ్డ చెయ్యి విరగ్గొట్టింది అన్నమాట సర్దుకుంటుంది. అది ఊళ్ళో స్థిరపడిపోతుంది. మీకేం, మీరు రోజూ ఈ షెడ్డులోకి వస్తారు."

"నిన్నెవరైనా ఇంట్లోంచి పొమ్మన్నారా?"

"షెడ్డులోంచి పొమ్మన్నారు. నాకు రెండూ ఒకటే."

ఎల్మురాద్‌కి కూడా కోపం వచ్చింది. నోట్లో వేలు పెట్టినా కొరకడని పేరున్న మనిషి, కోపం వస్తే మాత్రం సూటిగా నొప్పి ఉన్నచోటే నొక్కుతాడు.

"అన్నీ ఆయన మీదకే తోయకు. వైర్లు మారాయి, సరే. అది పిచ్చిగా తోస్తుంటే దాన్ని ఆపేదేం లేదా? మొదటి రోజు నువ్వే చెప్పావు, చక్రం ఉండాల్సిన చోట లేకపోతే రెప్పపాటులో అదే ఆగిపోతుందని. మొదటి రెండు రోజులూ నిజంగానే మాటిమాటికీ ఆగేది. మరి మొన్న ఎందుకు ఆగలేదు?"

మునవ్వర్ జవాబు చెప్పబోయి అటక వైపు తిరిగింది.

అటక మీద పెట్టిన లాప్‌టాప్ తీసి, కంట్రోలర్‌కి తగిలించి, నిలబడే తెరిచింది. ఆ లెక్కల పట్టికలో చివరి వరసకి వెళ్ళింది. రెండు రోజులుగా ఆమె మనసులో వల్లె వేసుకున్న అంకెల్లో ఇది లేదు. ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది.

చక్రం ఎంత దారి తప్పితే ఆగిపోవాలి అన్న హద్దు అది. ముందు చిన్న అంకె పెట్టింది. కొత్తలో చక్రం ఇంకా కుదురుకోక, ఆ చిన్న అంకె దాటి, పది నిమిషాలకోసారి టక్కున ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మామగారు నవ్వేవారు. "అలిగే యంత్రం తెచ్చావు కోడలా, దీన్ని బతిమాలడానికి ఇంకో కోడల్ని తేవాలి," అని పక్కింటివాళ్ళని పిలిచి మరీ నవ్వేవారు. మూడో రోజు ఆ నవ్వు భరించలేక ఆ హద్దుని తీసుకెళ్ళి ఎక్కడో పెట్టింది. చక్రం ఎన్ని చుట్లు తప్పినా ఆగనంత దూరంలో. పని పూర్తయ్యాక మళ్ళీ పెడదామనుకుంది. పెట్టలేదు.

"ఏమిటి?" అన్నాడు ఎల్మురాద్.

"ఏం లేదు."

లాప్‌టాప్ మూసేసింది. అప్పటిదాకా మామగారి మీద మండిన కోపమంతా ఒక్కసారి తన మీదకి తిరిగింది. అయినా ఆయన మీద ఉన్నది తగ్గలేదు. రెండూ ఉన్నాయి. మంచి కోపం, న్యాయమైన కోపం అనుకున్నది కాస్తా ఇలా పాడైపోయినందుకు ఇంకో కోపం.

ఇంట్లోకి వెళ్ళేసరికి సనోబర్ పరుపు మీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. పిండికట్టు వేసిన చెయ్యి దిండు మీద ఉంది. పక్కన అత్తగారు మస్తురా సూప్ గిన్నె పట్టుకుని బతిమాలుతోంది.

సనోబర్, మునవ్వర్ ఒకే బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నారు. ఈ ఇంటికి మునవ్వర్‌ని కోడలిగా తెచ్చింది సనోబరే, అన్నయ్యతో పట్టుబట్టి. పెళ్ళయ్యాక కూడా ఆమె ఏనాడూ వదినా అనలేదు. మునవ్వర్ అనే పిలిచేది. పెద్దవాళ్ళు కోప్పడితే నవ్వేది.

"రండి వదినగారూ," అంది ఇప్పుడు.

ఆ ఒక్క పిలుపుతో మునవ్వర్ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకొచ్చావు, దాన్ని ఏడిపించడానికా?" అంది మస్తురా.

"ఉండమ్మా." సనోబర్ గొంతు పొడిగా ఉంది. "వదినగారిని ఒక్కటే అడగాలి. పొద్దున డాక్టరు చెప్పాడు. వేళ్ళు వంగుతాయట. కొసలకి స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేడట. స్పర్శ లేకపోతే ఆ వేడినీళ్ళలో పోగు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? అది కంటికి కనపడదు, నీకు తెలుసు. అందుకని అడుగుతున్నా. నీ లెక్క తప్పా, కాదా?"

మునవ్వర్ గడప దాటి లోపలికి ఒక అడుగు వేసింది.

"సనోబర్, అందులో వైర్లు..."

వెనక గుమ్మంలో ఎల్మురాద్ దగ్గాడు.

దగ్గు రాక దగ్గిన దగ్గది. మునవ్వర్ ఆగిపోయింది. మస్తురా కొడుకు వైపు, కోడలి వైపు మార్చి మార్చి చూసింది.

సనోబర్ నవ్వింది. ఆ నవ్వు చూడ్డం కన్నా తిట్లు తినడం నయం.

"అన్నయ్య దగ్గాడు, వదినగారు ఆగిపోయారు. బాగుంది కాపురం. వెళ్ళండి ఇద్దరూ," అని మొహం గోడకి తిప్పుకుంది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. ఉస్తా గొంతు పెరడంతా నిండింది.

"రా తోహిర్, రా. ఈ శనిని చూద్దువుగాని."

తోహిర్ మిల్లులో ఉస్తా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు వాడికే యాభై దాటాయి, అయినా ఉస్తా ముందు కూర్చోడు. పనిముట్ల సంచీ చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. గోల విని పక్కింటాయన కూడా గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. వెనక నుంచి ఎల్మురాద్, మునవ్వర్ వచ్చారు. తల మీద గుడ్డ సవరించుకుంటూ మస్తురా కూడా వచ్చింది.

"నిన్ను ఇందులోకి రావద్దన్నానా లేదా?" అన్నాడు ఉస్తా కోడలితో.

మునవ్వర్ కదల్లేదు.

"సరే, ఉండు. ఉండి చూడు. తోహిర్, విప్పే ముందు ఒక్కసారి తిప్పి చూపిస్తా. చదువుకున్న యంత్రం అంటే ఎలా ఉంటుందో నువ్వూ చూద్దువు. నలభై ఏళ్ళలో నేను చూడని పిచ్చి ఇది."

అంటూనే ఉస్తా ఎడమ అరచెయ్యి చక్రపు ఆకు మీద ఆనించాడు. మోటారు దగ్గరికి పోతే ముందు చెయ్యి ఆనించడం ఆయన అలవాటు. కుడి చెయ్యి స్విచ్ వైపు చాచాడు.

వైర్లు ఇంకా తారుమారుగానే ఉన్నాయి.

"చెయ్యి తియ్!"

ఆ అరుపు మునవ్వర్‌దే. ఈ ఇంట్లో అడుగుపెట్టిన మూడేళ్ళలో ఆమె మామగారి ముందు గొంతెత్తలేదు. ఏకవచనం సంగతి సరే సరి. అరుస్తూనే గోడ దగ్గరికి దూకి ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

పక్కింటాయన గడ్డం పట్టుకుని నేల చూపులు చూశాడు. మస్తురా నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నావు?" అన్నాడు ఉస్తా. గొంతు బాగా దిగిపోయింది. ఆయన అరిచినప్పుడు కన్నా అలా మాట్లాడినప్పుడే ఇంట్లోవాళ్ళకి భయం.

"మునవ్వర్, వద్దు," అన్నాడు ఎల్మురాద్.

"మీరు దగ్గకండి!" అని మొగుడి మీద విరుచుకుపడింది. "చాలు దగ్గింది." తర్వాత మామగారి వైపు తిరిగింది. చేతిలో ప్లగ్గు అలాగే ఉంది. "ఇప్పుడు స్విచ్ వేసి ఉంటే మీ చెయ్యి కూడా పోయేది నాన్నగారూ. మీరు మార్చిన ఆ రెండు వైర్ల వల్ల. ఇది మిల్లు మోటారు కాదు. మిల్లు మోటారుకి వైర్లు మారిస్తే దిక్కు మారుతుంది. దీనికి మారిస్తే మతి పోతుంది. నేను ఏ వైరుకి ఏ సెన్సరో నేర్పి పెట్టాను. మీరు నాకు చెప్పకుండా మార్చారు. సనోబర్ వచ్చి, అంతా నిన్నటిలాగే ఉందనుకుని స్విచ్ వేసింది."

ఉస్తా పెదవులు కదిలాయి. "అబద్ధం," అన్నాడు. ఆ మాట పూర్తిగా బయటికి రాలేదు.

"ఆగండి, ఇంకా ఉంది. సగమే చెప్పాను." ఆమె ప్లగ్గుని కంట్రోలర్ డబ్బా వైపు చూపింది. "వైర్లు ఎన్ని మారినా, చక్రం దారి తప్పితే రెప్పపాటులో ఆగిపోవాలి. ఆ కాపలా నేనే పెట్టాను, నేనే తీసేశాను. అది ఆగినప్పుడల్లా మీరు వీధి వీధంతా పిలిచి నవ్వారు. అలిగే యంత్రం అన్నారు. ఆ నవ్వు పడలేక తీసేశాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. కాపలా ఉంటే సనోబర్ వేళ్ళు కమిలేవి, అంతే. విరిగేవి కాదు. రెండు వైర్లూ మీవి. కాపలా తీసింది నేను. ఇప్పుడు నన్ను ఎక్కడికి పంపిస్తారో పంపించండి. కానీ సగం మాట మీద మాత్రం పంపకండి."

ఉస్తా తోహిర్ వైపు చూశాడు. వాడు డబ్బాలోకి తొంగి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"నిజమేనా?"

"నాకీ రకం తెలియదు ఉస్తా." తోహిర్ సంచీ ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నేనైనా అదే చేసేవాణ్ణి. రెండు వైర్లు మార్చేవాణ్ణి. మీరు నేర్పిందే కదా."

ఊరడిద్దామనే అన్నాడు పాపం. ఉస్తా ఆ మాటకి వెనక్కి ఒక అడుగు వేసి పెనం అంచు పట్టుకున్నాడు. ఎల్మురాద్ పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు.

"ముట్టుకోకు. పడిపోను." తోహిర్ సంచీలోంచి స్క్రూడ్రైవర్ ఆయనే తీసుకున్నాడు. డబ్బా ముందు వంగాడు. "ఏ వైరు ఎక్కడ?"

"నేను పెడతాను నాన్నగారూ."

"అడిగింది చెప్పు!" కసిరాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ ప్రశ్న ఇంకొకరిని అడగడం తోహిర్ చూడలేదు. "ఏ వైరు ఎక్కడ?"

"పసుపు మధ్యలో. నీలం చివర."

ఆయన విప్పాడు, మార్చాడు, బిగించాడు. మర రెండుసార్లు జారింది. ఎవరూ సాయం రాలేదు. మునవ్వర్ ప్లగ్గు వదలకుండానే రెండో చేత్తో లాప్‌టాప్ తెరిచి, ప్లగ్గు లేకపోయినా డబ్బాకి కరెంటిచ్చే చిన్న వైరు తగిలించి, ఆ హద్దుని వెనక్కి తెచ్చింది. మొదట పెట్టిన దానికన్నా చిన్న అంకె పెట్టింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, ఒకరి మొహం ఒకరు చూడకుండా పని చేశారు. మస్తురా గోడ దగ్గర కూలబడి నిశ్శబ్దంగా ఏడుస్తోంది.

"అయిందా?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. సనోబర్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. పక్కింటాయన దారి ఇచ్చి తప్పుకున్నాడు.

"నువ్వెందుకు లేచావు తల్లీ," అన్నాడు ఉస్తా. ఆ గొంతులో అంతకు ముందున్న మనిషి లేడు.

"అయిందా అని అడుగుతున్నా నాన్నా. వైర్లు సరిగ్గా పడ్డాయా? వదినగారి కాపలా వచ్చిందా?"

"వచ్చింది," అంది మునవ్వర్. "సనోబర్, నేను నీకు..."

"చెప్పాల్సింది గదిలో అడిగినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు వినే ఓపిక నాకు లేదు." సనోబర్ మెల్లిగా నడిచి పెనం దగ్గరికి వచ్చింది. "నాన్న ఆమెని అడక్కుండా వైరు మార్చాడు. ఆమె నాన్నకి చెప్పకుండా కాపలా తీసింది. అన్నయ్య దగ్గుతాడు. అమ్మ పియోలా నింపుతుంది. అందరూ అందరి మీదా అలిగారు. ఈ చక్రం ముందు చేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని నేను. నాకొక్కదానికి, ఇందులో ఏం మారిందో, ఎవరు మార్చారో, ఒక్కళ్ళు, ఒక్కళ్ళు చెప్పారా?"

ఆమె పిండికట్టు చేతిని గుండెకి ఆనించుకుని, చక్రం ముందు కూర్చుంది. ఎడమ చెయ్యి చాచింది. దెబ్బ తగలని ఆ ఒక్క చేతి వేళ్ళు, ఆకుకీ చట్రానికీ మధ్య, మొన్న కుడిచెయ్యి ఇరుక్కున్న చోటే పెట్టింది.

"తియ్యమ్మా!" మస్తురా లేవబోయి లేవలేకపోయింది.

"దగ్గరికెవరూ రావద్దు." సనోబర్ తల తిప్పలేదు. "సరిచేశామన్నారుగా. ఇద్దరికీ నమ్మకమేగా. అయితే ఎవరో ఒకరు వెయ్యండి. నాన్నా, నువ్వు వేస్తావా? వదినా, నువ్వు వేస్తావా?"

తుర్గున్ ఉస్తా మొహం ఎత్తి కోడలి కళ్ళలోకి చూశాడు. ఆ చూపు ఆమెని అడుగుతోంది, నువ్వు చెప్పు, వెయ్యచ్చా అని. ఆమెకి జవాబు తెలుసు. వైర్లు సరిగ్గా ఉన్నాయి, అంకె సరిగ్గా ఉంది. వేస్తే ఆకు సనోబర్ వేళ్ళకి దూరంగా, పోగంత మెత్తగా కదులుతుంది.

మోటారు ప్లగ్గు మునవ్వర్ చేతిలోనే ఉంది. అయినా ఆ చెయ్యి గోడ వైపు లేవలేదు.